పదకొండు సంచుల పసుపు

బాలనర్సయ్యకు ఫోన్ చేసే మనిషి ఒక్కడే. ఆ ఒక్కడు కూడా ఈ దేశం వాడు కాదు.

నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్ళే రోడ్డు మీద, ఊరు దాటాక రేకుల షెడ్లు వరసగా ఉంటాయి. ఉడకబెట్టి ఎండబోసిన పసుపు కొమ్ములకు పైపొట్టు పోగొట్టి మెరుగు పెట్టే షెడ్లు అవి. మూడో షెడ్డులో డ్రమ్ము తిప్పేవాడు బాలనర్సయ్య. వయసు యాభై ఏడో, అరవయ్యో. ఆధార్ కార్డులో ఒకటి ఉంటుంది, ఆయన నోట ఇంకొకటి వస్తుంది. డ్రమ్ము అంటే ఇనుప జాలీతో చేసిన పెద్ద పీపా, అడ్డంగా పడుకోబెట్టి మోటారుకు బిగించింది. అందులో పసుపు పోసి తిప్పితే కొమ్ములు ఒకదానికొకటి రాసుకొని నునుపు తేలుతాయి. ఆ చప్పుడులో పక్కన నిలబడి అరిచినా వినపడదు. రోజంతా ఆ చప్పుడులో ఉండి, మోటారు ఆపాక మాట్లాడదామంటే మనిషి ఉండడు. హమాలీలు అప్పటికే ఇళ్ళకు పోయి ఉంటారు. ఆయన ఇల్లు ఆ షెడ్డే. పడక ఖాళీ గోనెసంచుల మీద.

ముందు నుంచీ ఆయన పని ఇది కాదు. రెంజల్ మండలంలో ఒక చిన్న ఊరు. మూడెకరాల చెరుకు, ఒక బండి, ఒక జత ఎడ్లు. చెరుకు కొట్టి, బండికెత్తి, బోధన్ ఫ్యాక్టరీకి తోలేవాడు. గేటు ముందు ఒక్కోసారి రెండు దినాలు వరసలో నిలబడాల్సి వచ్చేది. ఆయన చెప్పే పాత ముచ్చట్లన్నీ ఆ వరసలోవే.

"రెండు దినాలు నిలవడ్డా మంచిగనే ఉండె. ముంగట బండోడు, ఎన్క బండోడు. మాట్లాడుకుంట ఉంటుంటిమి. ఇంటికొస్తే గంత ముచ్చట యాడిది?"

ఫ్యాక్టరీ మూతపడ్డది. చెరుకు దూరం మిల్లులకు తోలబోతే బాడుగకే సరిపోలేదు. ఆ తర్వాత భూమి పోయింది, బండి పోయింది, ఎడ్లలో ఒకటి రోగమొచ్చి చచ్చింది. భార్య శంకరమ్మ నాలుగు రోజులని చెప్పి ధర్పల్లిలో తమ్ముని ఇంటికి వెళ్ళి, బీడీలు చుట్టుకుంటూ అక్కడే ఉండిపోయింది. పోట్లాట ఏమీ జరగలేదు. అదే చిక్కు. పోట్లాడి పోయినదాన్ని బతిమాలి తెచ్చుకోవచ్చు. ఊరికే పోయినదాన్ని ఏమని పిలుస్తారు? పిల్లల్లేరు. మిగిలిన ఒంటెద్దును తోలుకొని ఆయన నిజామాబాద్ వచ్చాడు. దున్నేది లేదు, లాగేది లేదు; ఎద్దు షెడ్డు వెనక కట్టేసి ఉంటుంది, తింటుంది, పడుకుంటుంది.

ఇక ఆ ఫోన్ చేసే మనిషి సంగతి.

మన పసుపు కొనే పొరుగువాళ్ళలో బంగ్లాదేశ్ వాళ్ళు ముఖ్యులు. లారీ ఇక్కడ ఎక్కితే ఆరు రోజులకు బెంగాల్ సరిహద్దు చేరుతుంది. చేరినంత మాత్రాన దాటదు. అక్కడ మళ్ళీ నమూనాలు తీస్తారు, మళ్ళీ పరీక్షకు పంపుతారు, ఫలితం వచ్చేదాకా లారీని నిలబెడతారు. వాళ్ళను తప్పు పట్టలేం. కొన్నేళ్ళ కిందట వాళ్ళ దేశంలో పసుపు మెరవాలని సీసం కలిసిన రంగు పూసి అమ్మారని పెద్ద గోల అయింది. అప్పటి నుంచి పచ్చగా మెరిసేది ఏది కనబడినా అనుమానమే. లారీ వానలో పది రోజులు నిలబడేది. టార్పాలిన్ కింద పసుపు చెమ్మ పట్టేది, బూజెక్కేది. బూజు పేరు చెప్పి అక్కడి వ్యాపారి ధర కోసేవాడు. ఆ కోత తిరిగి తిరిగి వచ్చి ఇక్కడ పంట అమ్మే గంజ్‌లో రాశి పోసుకొని కూర్చున్న రైతు మీద పడేది. అక్కడి ఇళ్ళలో బూజు పసుపు కూరల్లో పడేది. రెండు దేశాల పెద్దలు ఏసీ హాళ్ళలో కూర్చొని, పొరుగువాళ్ళం కలిసి ఎదగాలి, ప్రపంచంతో పోటీ పడాలి అని ఉపన్యాసాలు చెప్పుకొని, భోజనాలు చేసి లేచిపోతారు. లారీ మాత్రం వానలోనే ఉంటుంది.

చివరికి వ్యాపారులే దారి వెతుక్కున్నారు. నిజామాబాద్ గంజ్‌లో ఏడుగురు, అక్కడ ఖుల్నా పట్నంలో నలుగురు. ఒప్పందం చిన్నది: పరీక్ష ఒక్కసారే, ఇక్కడే. ఆ కాగితాన్ని అక్కడివాళ్ళు తమ సొంత కాగితంలా నమ్మాలి, లారీని నిలబెట్టకూడదు. వాళ్ళ అధికారులను ఎట్లా ఒప్పించారో నాకు తెలియదు. రెండేళ్ళు చూస్తామన్నారట. ఈలోపు ఒక్క లాటు చెడ్డా, అందరికీ మళ్ళీ పాత పద్ధతే.

ఒప్పందానికి ముందు, డ్రమ్ములో ఏం పోస్తున్నారో కళ్ళారా చూసి రమ్మని ఖుల్నా వాళ్ళు తమ మనిషిని పంపారు. పేరు మోఫిజుల్. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నోట్లో పాన్. సరుకు మంచిచెడ్డలు తేల్చడం ఆయన పని. షెడ్డు యజమాని ఆత్మారాం సేట్ ఆ ఏడుగురిలో ఒకడు. హోటల్‌లో గది తీస్తానంటే మోఫిజుల్ వద్దన్నాడు. డ్రమ్ము ఎక్కడుంటే అక్కడే ఉంటానని రెండు రోజులూ షెడ్డులోనే ఉన్నాడు.

మొదటి పూట ఇద్దరూ మాట్లాడుకోలేదు. మోఫిజుల్ రాశిలోంచి ఒక పసుపు కొమ్ము తీసి, చెవి పక్కన పెట్టుకొని, కళ్ళు మూసుకొని విరిచాడు. బాగా ఎండిన పసుపు టక్కున విరుగుతుంది. చెమ్మ ఉన్నది సాగి, మూలిగినట్టు విరుగుతుంది. బాలనర్సయ్య మోటారు ఆపాడు. తానూ ఒకటి తీసి చెవి పక్కనే విరిచాడు. పదేళ్ళుగా ఆయన చేస్తున్నదీ అదే. ఇంకెవరైనా అట్లా చేస్తారని ఆయనకు తెలియదు.

"సూఖా," అన్నాడు మోఫిజుల్.

"సూఖా," అన్నాడు బాలనర్సయ్య.

ఆ తర్వాత మాటలు ఆగలేదు. ఒకరిది నిజామాబాద్ ఉర్దూ, ఒకరిది బెంగాలీ కలిసిన హిందీ. అర్థం కానిచోట చేతులు. బాలనర్సయ్య జొన్నరొట్టె, పచ్చిపులుసు చేసి పెట్టాడు. మోఫిజుల్ రొట్టెను వేళ్ళతో తిప్పి తిప్పి చూసి, నవ్వి, మొత్తం తిన్నాడు. వెళ్ళే ముందు మాత్రం నవ్వకుండా అడిగాడు. తన చెల్లెలి కొడుకు రక్తంలో సీసం దొరికిందని, ఏడేళ్ళ వాడికి ఒకట్లు రెండ్లు బుర్రలో నిలవడం లేదని, ఇంట్లో వాడిన పసుపే కారణమని డాక్టరు చెప్పాడని, అందుకే అడుగుతున్నానని.

"దాదా, డ్రమ్ములో ఏమేస్తావ్?" వాళ్ళ దగ్గర దాదా అంటే అన్న.

"పసుపే."

"ఇంకా?"

"నీళ్ళు. మెరుపు తక్వుంటే పసుపు పొడి కలిపిన నీళ్ళు. ఇంకేం లేదు భాయ్."

"కసమ్?"

"కసమ్," అని ఒట్టేశాడు బాలనర్సయ్య, డ్రమ్ము మీద చెయ్యి పెట్టి.

అప్పటి నుంచి ఇక్కడి లారీ అక్కడ దిగినప్పుడల్లా ఫోన్ వచ్చేది. "మాల్ ఆ గియా దాదా, బహుత్ అచ్ఛా." సరుకు చేరింది, చాలా బాగుందని. తర్వాత "ఖానా ఖాయా?", తిన్నావా అని. తర్వాత అక్కడి వాన, ఇక్కడి ఎండ, చేపల రేటు, ఎద్దు దగ్గు. ఒకసారి మోఫిజుల్ మాట ఆపి ఫోన్‌ను బయట వాన వైపు పట్టుకున్నాడు. బాలనర్సయ్య ఇక్కడ గోనెసంచి మీద కూర్చొని చాలాసేపు విన్నాడు. ఏడాదిన్నరలో ఇరవై మూడు లారీలు, ఇరవై మూడు ఫోన్లు. బాలనర్సయ్య తనంతట తాను ఎప్పుడూ చేయలేదు. అవతలివాడు పనిలో ఉంటాడేమోనని.

"ఏం బాలన్నా, నీ బంగ్లా సడ్డకుడు ఫోన్ జేసిండా?" అని, తోడల్లుడి వరస కలిపి, భూమేష్ ఎగతాళి చేసేవాడు. సంచులెత్తే హమాలీ అతను.

"చేసిండు. నిన్ను గూడ అడిగిండు."

"నన్నేమడిగిండు?"

"గా సంచుల మీద కూసొని బీడీ తాగేటోడు ఇంకా బతికే ఉన్నడా అని."

పోయిన శ్రావణం ఆఖరున పొలాల అమావాస్య వచ్చింది. మహారాష్ట్ర అంచున ఉన్న మా ఊళ్ళలో అది ఎడ్ల పండుగ. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, జతలు జతలుగా హనుమండ్ల గుడి చుట్టూ తిప్పుతారు. బాలనర్సయ్యకు జత లేదు. అయినా ప్రతి ఏడూ చేస్తాడు. ఆ ఏడు బోధన్ అంగట్లో ఎరుపూ నీలమూ అయిపోయి పసుపుపచ్చ రంగు పొడి ఒక్కటే మిగిలింది. అదే పొట్లం కట్టించుకొచ్చాడు. అందులో ఏముందో ఎవరికి తెలుసు? పొట్లం పాత పేపరుది. షెడ్డులోని బకెట్టులో తుమ్మబంక నీళ్ళు పోసి, ఆ పొడి కలిపి, ఎద్దు కొమ్ములకు రెండు పూతలు పూశాడు.

"ఒంటెద్దుకు పొలాలేంది బాలన్నా?" అన్నాడు భూమేష్. "జోడేది అని దేవుడు అడిగితే ఏం జెప్తవ్?"

"నువ్వున్నవ్ గద. దా, కాడికింద తల పెట్టు."

పక్క ఊరి గుడి దాకా ఎద్దును తోలుకుపోయి, జతలన్నీ తిరిగాక, చివర ఒక్కడే తిప్పుకొని వచ్చాడు.

మర్నాడు తెల్లవారుతుండగా ఆత్మారాం సేట్ నుంచి మనిషి వచ్చాడు. లారీ ఎక్కాల్సిన లాటులో పదకొండు సంచులు మసకగా ఉన్నాయి, ఒక్క చుట్టు తిప్పి మెరుగు పెట్టు, పది గంటలకు లారీ కదలాలి. నమూనాలు అప్పటికే వారం కింద తీసుకుపోయారు. కాగితం కూడా వచ్చేసింది. నమూనా తీశాక సరుకును ముట్టుకోకూడదని ఒప్పందంలో ఎవరూ రాసుకోలేదు. బాలనర్సయ్య హడావుడిగా సంచులు విప్పి డ్రమ్ములో పోశాడు. బకెట్టు అందుకొని, పసుపు పొడి వేసి, నీళ్ళు పట్టి, కలిపి చల్లాడు. బకెట్టు అడుగున నాలుగు వేళ్ళ మందాన పచ్చటి నీళ్ళు అంతకు ముందే ఉన్నాయి. పసుపు షెడ్డులో ఏ బకెట్టు చూసినా అడుగున పచ్చగానే ఉంటుంది. చూసి అనుమానపడడానికి అక్కడ ఏముంది?

పసుపు ఎన్నడూ లేనట్టు మెరిసింది. "పెండ్లిపిల్ల లెక్కున్నది కదనే," అన్నాడు భూమేష్. బాలనర్సయ్య మురిసిపోయాడు. ఆ పదకొండు సంచులను తన చేత్తోనే మళ్ళీ కుట్టాడు. లారీ వెళ్ళిపోయింది.

ఆ తర్వాత సరుకు రాక డ్రమ్ము ఆగే ఉంది. నాలుగో రోజు మధ్యాహ్నం తిండి తిని తంబాకు నలుపుకున్నాడు. ఆయనకు ఒక అలవాటు ఉంది. తంబాకులో సున్నం కలిపాక వేలికి మిగిలిన సున్నాన్ని పక్కన ఏముంటే దానికి రాసేస్తాడు. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుంది. మన దగ్గర ఏ ఆడపిల్లనడిగినా చెబుతుంది. అందుకే షెడ్డు నిండా, గోడలకు, గుంజలకు, సంచులకు, ఆయన వేలి ఎర్ర గీతలే. ఆ రోజు పక్కన బకెట్టు ఉంది. దాని అంచుకు రాశాడు. తంబాకు నోట్లో వేసుకొని, చూశాడు. గీత తెల్లగానే ఉంది. దాని కింద పచ్చ పచ్చగానే ఉంది.

ఇంకాస్త సున్నం తీసి రాశాడు. ఎర్రబడలేదు.

లేచి డ్రమ్ము లోపలికి చెయ్యి పెట్టి జాలీకి రాశాడు. కొన్నిచోట్ల ఎర్రబడింది. కొన్నిచోట్ల పచ్చటి మరకలు అట్లాగే ఉన్నాయి. అప్పుడు వెనక్కి వెళ్ళి ఎద్దు కొమ్ములు చూశాడు. తంబాకు ఉమ్మేశాడు. నోరు కడుక్కోలేదు. చెప్పులు వేసుకొని గంజ్‌కు నడిచాడు.

ఆత్మారాం దుకాణంలో ఒక్కడే ఉన్నాడు. అంతా విన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని బాలనర్సయ్య తర్వాత అన్నాడు.

"ఎవలకన్న చెప్పినవా?"

"లేదు సేట్."

"చెప్పకు. రెండు వందల నలభై సంచుల బండి. పదకొండు సంచులు యాడ గలుస్తయో దేవునికెరుక. కాగితం సాఫ్ ఉన్నది. ఎవలు సూడరు."

"తినేటోళ్ళు తింటరు గద సేట్."

ఆత్మారాం ముందున్న లెక్కల పుస్తకం మూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ రాయడం తేలికయ్యేది.

"నర్సయ్యా, నువ్వు పదకొండు సంచులు సూస్తున్నవ్. నేను ఏడు దుకాణాలు సూస్తున్న. మనమే చెప్పుకుంటే వాళ్ళేమంటరు? సూసిన్రా, ఇండియోళ్ళ కాగితం ఉత్తదే అంటరు. మల్ల పది దినాలు వానల నిలవెడ్తరు. ఎవని కొంప మునిగేది? నాదా? నేను రేటు తగ్గించి కొంట. రైతుది మునుగుతది."

ఇది అబద్ధం కాదు. అది బాలనర్సయ్యకూ తెలుసు. "మరి తెలిసినంక ఎట్ల ఊకుంటం సేట్?" అన్నాడు.

"ఎట్లనా? గిట్ల. నేను ఊకున్నట్ల," అన్నాడు ఆత్మారాం.

బాలనర్సయ్య బయటికి వచ్చి గంజ్ గేటు పక్కన అరుగు మీద కూర్చున్నాడు. ఎదురుగా చాటలతో మట్టి చెరిగే ఆడవాళ్ళు, తూకాలు, అరుపులు. చెబితే పని పోతుంది, అది ఆయనకు తెలుసు. పని పోతే షెడ్డు పోతుంది. కానీ ఆయన్ను అరుగు మీద నుంచి లేవనీయనిది అది కాదు. పని ఎక్కడైనా దొరుకుతుంది. మోఫిజుల్ ఇంకొకడు దొరకడు. చెప్పకపోతే నాలుగు రోజుల్లో ఆ ఫోన్ వస్తుంది: మాల్ ఆ గియా దాదా, బహుత్ అచ్ఛా, ఖానా ఖాయా? అప్పుడు తాను "ఖాయా" అనాలి. చెబితే ఆ ఫోన్ ఇక రాకపోవచ్చు. ఆయన లెక్క అంతే. అంత చిన్న లెక్క తేలడానికి గంటన్నర పట్టింది.

ఫోన్ తీసి, మోఫిజుల్ పేరు నొక్కాడు.

"దాదా!" అవతలి గొంతులో సంతోషం. "నువ్వే చేశావా? లారీ ఇంకా రాలేదు కదా. తబియత్ బాగుందా?"

బాలనర్సయ్య చెప్పడం మొదలుపెట్టాడు. ఎద్దు, పండుగ, బకెట్టు. ఉర్దూ చాలక తెలుగు కలిసింది. ఎద్దు కొమ్ములకు పూసే రంగు అని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. మూడోసారికి అవతల చప్పుడు ఆగిపోయింది.

"మోఫిజ్ భాయ్? సునే?"

"సునా."

"పదకొండు సంచులే. మిగిలినయ్ మంచియే. నువ్వు పాన్ తింటవ్ గద, నీ డబ్బీల సున్నం ఉంటది. ఒక్కొక్క సంచిల కొమ్ములు తీసి సున్నం రాయి. అంతటా ఎర్రగైతే మంచిది. పచ్చ మరకలు నిలుస్తే గది నా బకెట్టుది."

"నువ్వు కసమ్ తిన్నావు దాదా."

"తిన్న."

ఇంకేమైనా అంటాడని ఎదురుచూశాడు. ఫోన్ కట్టయింది.

ఆ సాయంత్రమే ఆత్మారాం దగ్గరికి పోయి, చెప్పేశానని చెప్పాడు. సేట్ "పో, కండ్ల ముంగట నిలవడకు" అన్నాడు. ఇంకో మూడు రోజులూ డ్రమ్ము తిరగలేదు. బాలనర్సయ్య షెడ్డు ఊడ్చాడు, డ్రమ్మును ఇసుకతో తోమాడు, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాడు. ఫోన్‌ను చార్జింగ్ నుంచి తీయలేదు. నీళ్ళకు పోయినా తొందరగా వచ్చి తెరిచి చూసేవాడు.

నాలుగో రోజు మోగింది. మోఫిజుల్ గొంతే, సరిహద్దు దగ్గర నుంచి, కానీ వెనక చాలామంది ఉన్నారు. స్పీకర్ పెట్టినట్టు తెలుస్తోంది.

"మీ పేరు చెప్పండి."

బాలనర్సయ్యకు మొదట అర్థం కాలేదు. ఇరవై మూడుసార్లు దాదా అన్న మనిషి. తర్వాత, పక్కన అధికారులు ఉండి ఉంటారని తోచింది. "బాలనర్సయ్య. బాపు పేరు గంగారాం," అన్నాడు, పోలీసు స్టేషన్లో చెప్పినట్టు.

"పదకొండు సంచులకు గుర్తు ఏమిటి?"

"నేను కుట్టిన. నా కుట్టుకు కొసన రెండు ముళ్ళుంటయ్. మిషన్ల కుట్టినయ్ కావు."

అవతల ఎవరో బెంగాలీలో ఏదో అన్నారు. సంచులు ఈడ్చిన చప్పుడు. చాలాసేపు. ఆయన ఫోన్ చెవికి ఆనించుకొని నిలబడే ఉన్నాడు. ఒకటి దొరికింది, రెండు దొరికాయి. సున్నం డబ్బీ మూత తీసిన చప్పుడు కూడా వినపడిందంటాడు. అది ఆయన ఊహేనేమో. ఎవరో లెక్కపెడుతున్నారు. ఎగారో, అంటే పదకొండు, అన్నాక లెక్క ఆగింది. ఆ తర్వాత మిగిలిన సంచుల్లోంచి కూడా తీసి సున్నం రాశారు. అన్నీ ఎర్రబడ్డాయి.

"శుక్రియా," అన్నాడు మోఫిజుల్.

"భాయ్, ఖానా..."

కట్టయింది.

పదకొండు సంచులు అక్కడే ఆపి పరీక్షకు పంపారు. సీసం ఉందని తేలింది, వాటిని పూడ్చిపెట్టారు. మిగిలిన సరుకు ఆ సాయంత్రమే దాటింది. పదిహేను రోజులకు ఖుల్నా నుంచి ఉత్తరం వచ్చింది. ఒప్పందం పోలేదు. తప్పు జరిగితే దాచకుండా చెప్పే పొరుగువాడి కాగితాన్ని నమ్మవచ్చని అక్కడ పెద్దాయన ఎవరో వాదించాడట. రెండు షరతులు పెట్టారు. ఇకపై నమూనా లారీ ఎక్కేటప్పుడే తీయాలి, తీశాక సరుకు ముట్టుకోకూడదు. రెండోది, ఆ డ్రమ్ము మీద ఆ మనిషి ఇక పని చేయకూడదు.

ఆత్మారాం ఆ ఉత్తరం పట్టుకొని తానే షెడ్డుకు వచ్చాడు. మనిషిని పంపలేదు.

"నువ్వు చెప్పుడు మంచిగయింది నర్సయ్యా. నేను తప్పనుకున్న. దాపెట్టి దొరికిపోతే ఏడుగురం మునుగుతుంటిమి," అన్నాడు. తర్వాత డ్రమ్ము వైపు చూస్తూ, "గని నువ్వు పోవాలె," అన్నాడు.

"పోత సేట్."

"నా చేతుల లేదు."

"ఎరికే సేట్. వాళ్ళు చెప్పింది ఖరే. వాళ్ళ జాగల నేనున్నా గదే రాస్తుంటి."

ఎద్దును తోలుకొని నడిచి రెంజల్ దగ్గరి తన ఊరు చేరడానికి రెండు రోజులు పట్టింది. ఊళ్ళో ఉండడానికి ఇల్లంటూ లేదు. మేనత్త కొడుకు బావి కాడ మోటారు గది ఇచ్చాడు. ఇప్పుడు ఇతరుల పసుపు చేలల్లో కలుపుకు, మట్టి ఎగదోయడానికి వెళుతున్నాడు. ఆడవాళ్ళతో పాటు వంగి కలుపు తీస్తాడు. మగవాళ్ళెవరూ ఆ పనికి రారు. చప్పుడు లేని పని కాబట్టి మాటలన్నీ వినపడతాయి. కానీ అవి వాళ్ళ మాటలు: వాళ్ళ కోడళ్ళు, వాళ్ళ సంఘం లోన్లు, వాళ్ళ సీరియళ్ళు.

ఈసారి లారీలు సరిహద్దులో నిలబడకుండానే దాటుతున్నాయని, బంగ్లా వాళ్ళు కోతలు పెట్టడం మానేశారని ఊళ్ళో అనుకుంటున్నారు. గంజ్ నుంచి వచ్చినవాళ్ళు హోటల్లో చాయ్ తాగుతూ, ఇదంతా సేట్ల తెలివి అని చెబుతారు. బాలనర్సయ్య ఆ బల్ల మీదే కూర్చొని వింటాడు. "నువ్వు చెప్పొచ్చు కదా" అని అదే ఊళ్ళో ఉండే నేను ఒకసారి విసుక్కున్నాను. "ఏమని చెప్పాలె? రంగు గలిపింది నేనే అనా?" అన్నాడు.

కార్తీకం సగంలో ఒక రోజు, చేనులో ఉండగా ఫోన్ మోగింది. మట్టి వేలితో నొక్కితే తెర పలకలేదు. అంగీకి తుడుచుకొని మళ్ళీ నొక్కాడు.

మోఫిజుల్. సలామ్ లేదు, దాదా లేదు. పని మాటే. కొత్త మనిషి తిప్పిన లాటు వచ్చిందట. మసకగా ఉంది, కొసలు విరిగిపోతున్నాయి. కారణం ఏమై ఉంటుంది?

బాలనర్సయ్య చేను గట్టు మీద కూర్చున్నాడు. డ్రమ్ము నిండా పోస్తున్నాడేమో, సగానికి పైన పోయొద్దని చెప్పమన్నాడు. ముందు మెల్లగా తిప్పాలి, పొట్టు రాలాక వేగం పెంచాలి. పొద్దున చలికి కొమ్ము బిరుసుగా ఉంటుంది, ఎండ పడ్డాకనే పోయాలి. రాసే ఇనుప జాలీ పాతబడితే కొసలు పట్టుకొని విరుస్తుంది, నాలుగో పట్టీ దగ్గర ఒక తీగ లేచి ఉంటుంది, దాన్ని సుత్తెతో కొట్టాలి. అవతల మోఫిజుల్ రాసుకుంటున్నట్టుంది, "హా", "ఫిర్?" అంటున్నాడు. చెప్పేది అయిపోవస్తున్నదని తెలిసి బాలనర్సయ్య చెప్పిందే ఇంకొకసారి చెప్పాడు. మోఫిజుల్ దాన్ని కూడా విన్నాడు.

"ఠీక్ హై," అన్నాడు చివరికి. వెంటనే కట్ చేయలేదు. ఊపిరి వినపడుతోంది. తర్వాత కట్టయింది.

సాళ్ళలో ఆడవాళ్ళు నడుములు నిటారు చేసి చూస్తున్నారు.

"ఎవలతోని కాకా గంత సేపు? గంట పని ఎగ్గొట్టినవ్," అన్నది సుమలత. అందరిలోకి చిన్నది ఆమె.

"మావోడే."

"మీవోడా?" అంజవ్వ పెద్దగా నవ్వింది. ఆమెకు ఆయన సంగతంతా తెలుసు. "నీకెవలున్నరు బాలనర్సన్నా మీవోళ్ళు? ఎద్దు గూడ ఫోన్ నేర్సిందా?"

అందరూ నవ్వారు. ఆయనా కొంచెం నవ్వాడు.

"యాడుంటడు మీవోడు?"

"ఉంటడు. దూరం," అన్నాడు బాలనర్సయ్య. ఫోన్ జేబులో పెట్టుకొని, తాను వదిలిన సాలు ఎక్కడో వెతుక్కొని, మళ్ళీ వంగాడు.